చిత్రత్రయము – అభిమానుల భక్తి – శాస్త్రదృష్టి

పదమూడు, పదునాలుగేండ్ల వయస్సులో మనస్సునకు హత్తుకొన్న కథను గురించి, పెద్దయిన పిదప నిష్పక్షపాతముగా ఆలోచించుట సులభము కాదు. ఆ కథలో ఎవరైనా లోపము చూపినచో తన బాల్యమునే తప్పుపట్టినట్లు తోచును. కథను సమర్థించుట తనను తాను సమర్థించుకొనుటగా మారిపోవును. ఈ స్వభావము ఎంత దూరము పోగలదో తెలిసికొనుటకు అమెరికాలో తయారైన ఒక చిత్రత్రయము మంచి ఉదాహరణము.

'స్టార్ వార్స్' అను చలనచిత్రము 1977వ సంవత్సరము మే 25న విడుదలైనది. దానికి రచయిత, దర్శకుడు జార్జి లూకస్. ఆ కథకు కొనసాగింపుగా 1980లో 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్', 1983లో 'రిటర్న్ ఆఫ్ ది జెడై' వెలువడినవి. వీనికి అర్విన్ కెర్ష్నర్, రిచర్డ్ మార్క్వాండ్ వరుసగా దర్శకులు. కథాసంకల్పము మాత్రము లూకస్‌దే. ఎడారి గ్రహములో పెరిగిన లూక్ అను యువకుడు, దొంగసరకు రవాణా చేయు హాన్ సోలో అను ఓడ నాయకుడు, లేయా అను రాకుమారి కలిసి ఒక క్రూర సామ్రాజ్యమును ఎదిరించుట ఇందలి ఇతివృత్తము. నీతి కథ వంటి సరళమైన కథ. కాని ఆనాడు పిల్లలుగా చూచినవారు వృద్ధులగుచున్నను దానిని విడిచిపెట్టలేదు.

ఈ అభిమానము కాపాడినది ఏమి, పాడుచేసినది ఏమి అను ప్రశ్న కేవలము సినిమాకు సంబంధించినది కాదు. ప్రియమైన వస్తువును ఉన్నది ఉన్నట్లుగా చూడగలుగుట శాస్త్రదృష్టికి మొదటి మెట్టు. ఆ మెట్టుపై ఈ చిత్రముల నిర్మాత, అభిమానులు కూడ ఒకే చోట కాలుజారినారు.

అభిమానమునకు కారణములు

మొదట చిత్రములకు చెందవలసిన గౌరవమును చెల్లించవలెను. 1975లో లూకస్ ఈ చిత్రము కొరకే 'ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్' అను సంస్థను స్థాపించినాడు. అందు జాన్ డైక్‌స్ట్రా నాయకత్వమున తయారైన కెమేరా యంత్రము ఒక క్రొత్త మార్గము చూపినది. అంతకుముందు బొమ్మ ఓడను కదలించి, కెమేరాను స్థిరముగా ఉంచుట వాడుక. ఇక్కడ బొమ్మ నిలిచియుండును, కెమేరా దానిచుట్టు కదలును. ఆ కదలికను విద్యుత్ పరికరములు గుర్తుంచుకొని, ఎన్నిసార్లయినను అణుమాత్రము తేడా లేకుండ తిరిగి చేయగలవు. అందుచేత ఓడను ఒకసారి, నక్షత్రములను ఇంకొకసారి, మంటలను వేరొకసారి చిత్రించి, అన్నింటిని ఒకే ఫిల్ముపై అతుకు తెలియకుండ కలుపుటకు వీలైనది.

ధ్వనికల్పన చేసిన బెన్ బర్ట్ పద్ధతి విద్యార్థులకు ఇంకను ఆసక్తికరము. శత్రువుల యుద్ధవిమానముల అరుపు ఏనుగు ఘీంకారమును, తడిరోడ్డుపై పోవు కారు శబ్దమును కలిపి చేసినది. కాంతిఖడ్గపు గుంయ్యిమను ధ్వని సినిమా ప్రొజెక్టరు మోటారు నుండియు, టెలివిజను పెట్టె రొద నుండియు పుట్టినది. తుపాకుల శబ్దము రేడియో స్తంభమును పట్టియుంచు ఉక్కుతీగను సుత్తితో కొట్టగా వచ్చినది. తీగలో ఎక్కువ పౌనఃపున్యము గల కంపనములు ముందు చేరి, తక్కువ పౌనఃపున్యము గలవి వెనుకబడుటచేత ఆ వింత 'ప్యూ' శబ్దము ఏర్పడును. అనగా కల్పిత లోకమునకు ప్రాణము పోసినవి నిజలోకపు వస్తువులే.

అయినను పనితనము ఒక్కటే ఇంతటి భక్తికి చాలదు. చూచినవారి వయస్సు కూడ కారణమే. పెద్దవారిని తమ జీవితములోని సంఘటనలను గుర్తు తెచ్చుకొనుమని అడిగినప్పుడు, సుమారు 10 నుండి 30 ఏండ్ల మధ్య జరిగినవి మిక్కిలి ఎక్కువగా జ్ఞప్తికి వచ్చునని మనస్తత్వ శాస్త్రజ్ఞులు గమనించినారు. 1968లో రాబర్ట్ జయాంక్ అను శాస్త్రజ్ఞుడు మరియొక సంగతి నిరూపించినాడు. ఒక వస్తువు మాటిమాటికి కంటబడినంత మాత్రముననే దానిపై ఇష్టము పెరుగునని ఆయన ప్రయోగములు తెలిపినవి. ఈ చిత్రత్రయము విషయములో ఈ రెండును కలిసివచ్చినవి. చిన్నవయస్సున థియేటరులో చూచినవారు 1982 నుండి వీడియో టేపుల ద్వారా ఇంటనే ఎన్నియో పర్యాయములు చూడగలిగినారు.

ఈ ఇష్టము ఎంతవరకు పోయినదో ఇంగ్లండు, వేల్సులలో 2001లో జరిగిన జనాభా లెక్కలు చూపును. మతమును గురించిన ప్రశ్నకు సుమారు 3 లక్షల 90 వేల మంది 'జెడై' అని వ్రాసినారు. జెడై అనునది ఈ చిత్రములలోని యోధుల సంఘము పేరు. పరిహాసముగా వ్రాసినవారు అందు చాలమంది. అధికారులు వారిని మతము లేనివారి క్రింద లెక్కించినారు. 2011 లెక్కలలో ఈ సంఖ్య సుమారు 1 లక్ష 77 వేలకు తగ్గినది. పరిహాసమైనను, లక్షలమంది ఒకే పరిహాసమును ఆడుటకు వారందరికి ఒకే బాల్యస్మృతి ఉండవలెను గదా!

శాస్త్రము ముందు నిలువని విషయములు

ఈ చిత్రములలో శాస్త్రవిరుద్ధములు పెక్కు గలవు. అంతరిక్షములో ఓడలు గర్జించుచు పోవును, పేలినప్పుడు పెద్ద శబ్దము వినిపించును. ధ్వని ప్రయాణించుటకు యానకము కావలెను. గాలి తీసివేసిన పాత్రలో శబ్దము క్షీణించుటను రాబర్ట్ బాయిల్ 1660లో ప్రకటించిన ప్రయోగములలోనే వివరించినాడు. గంటకూజాలో విద్యుత్ గంటను ఉంచి గాలిని తోడివేయు ప్రయోగము పాఠశాలలలో చూపునదే. 1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' అను చిత్రములో స్టాన్లీ క్యూబ్రిక్ అంతరిక్షమును నిశ్శబ్దముగానే చూపినాడు. కనుక లూకస్ తెలియక చేసిన పొరపాటని అనుకొనరాదు. అది కావాలని ఎన్నుకొన్న నాటకీయత.

ఓడలు మలుపు తిరుగునప్పుడు విమానముల వలె ప్రక్కకు ఒరుగుట రెండవది. విమానము ఒరుగుటకు కారణము గాలి రెక్కలను పైకెత్తు బలము. విమానము ఒరిగినప్పుడు ఆ బలములో కొంత భాగము మలుపు దిక్కునకు లాగును. గాలి లేనిచోట ఒరిగినందున లాభము లేదు. ప్రక్కకు త్రోయు రాకెట్టు ఉండవలెను. దీనికి కారణము లోకవిదితమే. రెండవ ప్రపంచయుద్ధపు విమానపోరాటములు గల పాత ఫిల్ములను కత్తిరించి, వరుసగా కూర్చి, లూకస్ తన అంతరిక్ష యుద్ధమునకు నమూనాగా పెట్టుకొన్నాడు.

రెండవ చిత్రములో గ్రహశకలముల గుంపు నడుమ ఓడ తప్పించుకొనిపోవు దృశ్యము కలదు. రాళ్లు ఒకదానినొకటి ఒరసికొనుచు వచ్చును. సూర్యకుటుంబములో కుజ, బృహస్పతుల మధ్యగల గ్రహశకలముల పట్టీ అట్టిది కాదు. చెప్పుకోదగిన పరిమాణముగల శకలముల నడుమ సగటున లక్షల కిలోమీటర్ల దూరముండును. పయొనీర్ 10 నౌక 1972 జులైలో ఆ పట్టీలో ప్రవేశించి 1973 ఫిబ్రవరిలో క్షేమముగా వెలుపలికి వచ్చినది. చిత్రము 1980లో వచ్చునప్పటికే ఈ సంగతి తెలిసియున్నది.

చిత్రములకు అనుకూలమైనవియు లేకపోలేదు. లూక్ నివసించు గ్రహముపై రెండు సూర్యులు అస్తమించు దృశ్యము ప్రసిద్ధము. 1977 నాటికి జంటనక్షత్రముల చుట్టు తిరుగు గ్రహమేదియు తెలియదు. 2011లో కెప్లర్ దూరదర్శిని కెప్లర్-16బి అను గ్రహమును స్పష్టముగా చూపినది. అక్కడ రెండు నక్షత్రములు ఒకదానిచుట్టు ఒకటి సుమారు 41 దినములకు తిరుగగా, గ్రహము ఆ రెండింటిని చుట్టివచ్చుటకు సుమారు 229 దినములు పట్టును. అట్లే శనిగ్రహపు ఉపగ్రహమైన మైమాస్‌ను 1980 నవంబరులో వోయజర్ 1 ఫోటో తీసినప్పుడు, దానిపైనున్న పెద్ద గుంట వలన అది చిత్రములోని 'డెత్ స్టార్' అను గుండ్రని యుద్ధకేంద్రమును పోలియుండెను.

ఈ రెండింటిని చూపి చిత్రము భవిష్యత్తును చెప్పినదని మురియువారు కలరు. ఇక్కడ తర్కమును పాటించవలెను. కలిసివచ్చినవానిని మాత్రమే లెక్కించి, తప్పిపోయినవానిని విడిచిపెట్టినచో ఏ కథయైనను జోస్యమే యగును. కెప్లర్-16బి శనిగ్రహమంత ద్రవ్యరాశి గల వాయుగోళము. అచ్చట ఇసుక ఎడారియు లేదు, నిలుచుటకు నేలయు లేదు. మైమాస్ పోలిక కేవలము కాకతాళీయము.

పార్సెక్ వివాదము

మొదటి చిత్రములో హాన్ సోలో తన ఓడ వేగమును పొగడుకొనుచు, కెసెల్ అను చోటికి పోవు ప్రయాణమును 12 పార్సెక్కులకంటె తక్కువలో ముగించితినని చెప్పును. పార్సెక్ కాలమానము కాదు, దూరమానము. భూమికి సూర్యునికి మధ్యగల దూరము, ఎక్కడినుండి చూచినచో ఒక సెకండు కోణముగా కనిపించునో అంత దూరము ఒక పార్సెక్. ఇచ్చట సెకండనగా గడియారపు సెకండు కాదు. ఒక డిగ్రీలో 3600వ వంతు. ఒక పార్సెక్ సుమారు 3.26 కాంతి సంవత్సరములు, అనగా దాదాపు 31 లక్షల కోట్ల కిలోమీటర్లు. 12 పార్సెక్కులకంటె తక్కువలో ప్రయాణము ముగించితిననుట, మదరాసుకు 400 కిలోమీటర్లకంటె త్వరగా చేరితిననుట వంటిది.

దీనికి అభిమానులు ఏండ్ల తరబడి సమర్థనలు వెదకినారు. వానిలో ప్రసిద్ధమైనది ఇది: కెసెల్ దగ్గర కృష్ణబిలములు ఉన్నవి, సామాన్య నావికులు దూరముగా చుట్టిపోవుదురు, మిక్కిలి వేగముగల ఓడ మాత్రమే వాని అంచున దూసికొనిపోయి దారిని తగ్గించగలదు, కనుక తక్కువ దూరమే ఎక్కువ వేగమునకు గుర్తు. తెలివైన వివరణయే. 2018లో వచ్చిన 'సోలో' అను చిత్రము ఈ విధమైన అడ్డదారినే కథలో చేర్చి, ప్రగల్భమును నిజము చేసినది.

ఖగోళశాస్త్ర చరిత్ర చదివినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. భూమి కేంద్రముగా గ్రహములు వృత్తములలో తిరుగుననిన సిద్ధాంతము పరిశీలనలతో సరిపడనప్పుడు, వృత్తముపై మరియొక చిన్న వృత్తమును చేర్చి సరిపెట్టినారు. ఇష్టమైన సిద్ధాంతమును విడువలేక చేర్చిన అతుకులవి. దీనికి భిన్నముగా కెప్లర్ కుజుని గమనమునకు తాను శ్రమపడి నిర్మించిన వృత్తాకార నమూనాకును, టైకో బ్రాహి పరిశీలనలకును 8 నిమిషముల కోణము తేడా కనుగొన్నాడు. ఒక డిగ్రీలో ఏడింట ఒక వంతుకూడ లేని తేడా! దానిని కప్పిపుచ్చక, తన నమూనానే పారవేసి, చివరకు 1609లో గ్రహమార్గము దీర్ఘవృత్తమని ప్రకటించినాడు. సిద్ధాంతముపై ప్రేమ లేక కాదు. ఆకాశముపై ప్రేమ అంతకంటె ఎక్కువగుటచేత.

పార్సెక్ విషయములో అసలు సమాధానము చాల సరళమైనది. చిత్రపు స్క్రీన్ ప్లేలోనే, ఈ మాట వినిన వృద్ధయోధుడు ఓబీ-వాన్ అది ఎదుటివారిని మెప్పించుటకు ఆడిన వట్టిమాటయని గ్రహించినట్లు సూచన ఉన్నది. హాన్ సోలో ప్రగల్భములు పలుకువాడు. ఎడారి నుండి వచ్చిన అమాయకులనుకొని నోటికి వచ్చినది చెప్పినాడు. అది శాస్త్రములోని తప్పు కాదు, పాత్రలోని గుణము. అభిమానులు శాస్త్రమును సవరింపబోయి పాత్రను చెరిపినారు.

నిర్మాత చేతి దిద్దుబాటు

ఇదే పాత్రను నిర్మాతయు చెరిపినాడు. 1977 చిత్రములో గ్రీడో అను కిరాయి హంతకుడు పానశాలలో హాన్ సోలోను తుపాకితో బెదిరించును. సోలో బల్లక్రింద నుండి మెల్లగా తుపాకి తీసి అతనిని కాల్చివేయును. 1997లో, 20 ఏండ్లు నిండిన సందర్భమున, లూకస్ మూడు చిత్రములకు మార్పులు చేసి తిరిగి విడుదల చేసినాడు. అందు గ్రీడోయే ముందు కాల్చినట్లు, గురి తప్పినట్లు, సోలో ఆత్మరక్షణకు బదులు కాల్చినట్లు మార్చినాడు.

ఇంత చిన్న మార్పుపై ఇంత కలహమెందుకని అడుగవచ్చును. కథను గమనించిన జవాబు దొరకును. మొదటి చిత్రము చివర సోలో తన డబ్బు తీసికొని వెళ్లిపోవును. ఆశలన్నియు అడుగంటిన క్షణమున తిరిగివచ్చి లూక్‌ను కాపాడును. ఆ తిరిగిరాకకు విలువ వచ్చినది అతడు మొదట స్వార్థపరుడు, అబద్ధీకుడు, ముందుగా కాల్చువాడు అయినందువలననే. మొదటినుండి మంచివాడే అయినచో తిరిగివచ్చుటలో వింత యేమున్నది? 1997 దిద్దుబాటు అతని చేతిని శుభ్రపరచినది. 2018 దిద్దుబాటు అతని మాటను శుభ్రపరచినది. రెండును కలిసి అతని మార్పునకు అర్థము తగ్గించినవి. నిర్మాతకును, ఆయనపై కోపించిన అభిమానులకును ఇక్కడ భేదము లేదు. ఉభయులును ప్రియమైనవానిలో మచ్చను సహించలేకపోయినారు.

మార్పులు అంతటితో ఆగలేదు. మూడవ చిత్రపు చివరి దృశ్యములో సెబాస్టియన్ షా అను నటుడు కనిపించును. 2004 డి.వి.డి.లో ఆయన రూపమును తీసివేసి మరియొక నటుని రూపము చేర్చినారు. షా అప్పటికే, 1994లో, మరణించియున్నాడు.

న్యాయముగా లూకస్ వాదమును కూడ వినవలెను. ఆనాడు డబ్బు, కాలము, సాధనములు చాలక మనస్సులోనిది తెరపైకి రాలేదని, క్రొత్త రూపమే తాను కోరినదని ఆయన చెప్పినాడు. రచయితకు తన రచనను సవరించు హక్కు లేదనువారు అరుదు. న్యూటను తన 'ప్రిన్సిపియా'ను 1687 తరువాత 1713, 1726లలో సవరించి ప్రకటించినాడు. డార్విన్ 'ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్' 1859కి 1872కి మధ్య ఆరు కూర్పులు పొందినది. కాని న్యూటను మొదటి కూర్పును ఎవరును గ్రంథాలయముల నుండి తొలగించలేదు. డార్విన్ భావములు ఎట్లు మారినవో తెలిసికొనుటకు ఆరు కూర్పులను ప్రక్కప్రక్కన పెట్టి చూడవచ్చును. స్టార్ వార్స్ విషయములో ఆక్షేపణ సవరణపై కాదు, మొదటి రూపమును అటకెక్కించుటపై. 1997 తరువాత చాలకాలము మారిన రూపమే లభించినది. 2006లో పాత రూపమును డి.వి.డి.లో అనుబంధముగా ఇచ్చినను, అది 1993 నాటి లేజర్ డిస్కు కొరకు చేసిన ప్రతి నుండి తీసినది, స్పష్టత తక్కువ.

ఇందులో ఒక వింత గలదు. 1988లో పాత నలుపు-తెలుపు చిత్రములకు రంగులు వేయుటను వ్యతిరేకించుచు, చలనచిత్రములు జాతి వారసత్వమని, వానిని మార్చరాదని అమెరికా కాంగ్రెసు ఎదుట వాదించినవారిలో లూకస్ ఒకడు. ఆ సంవత్సరమే అక్కడ చలనచిత్ర పరిరక్షణ చట్టము వచ్చినది. దాని ప్రకారము 1989లో మొదటిసారి ఎన్నుకొన్న 25 చిత్రములలో స్టార్ వార్స్ కూడ ఉన్నది.

ఈ వివాదము తెలుగువారికి పరాయిది కాదు. కె. వి. రెడ్డి దర్శకత్వమున 1957లో వచ్చిన 'మాయాబజార్'కు హైదరాబాదులో కంప్యూటర్ల సాయముతో రంగులు వేసి 2010లో విడుదల చేసినారు. మార్కస్ బార్ట్లీ వెలుగునీడలతో చిత్రించిన దానికి రంగులు అవసరమా అని కొందరు, క్రొత్త తరమునకు చేరువైనదని కొందరు వాదించినారు. కాని అక్కడ పాత మాయాబజార్ మాయము కాలేదు. రెండింటిని చూచి ఎవరికి తోచినట్లు వారు తీర్పు చెప్పుకొనగలిగినారు. తీర్పు చెప్పుటకు సాక్ష్యము మిగిలియుండుటయే ముఖ్యము.

వెలిసిపోవు రంగులు

సాక్ష్యమును కాలము కూడ చెరుపును. సాధారణ రంగు ఫిల్ములో కాంతి సోకిన వెండి లవణములు డెవలపరు ద్రావణములో మార్పు చెందునప్పుడు, ఆ ప్రక్కనే నీలిపచ్చ, ఊదాయెరుపు, పసుపు రంగుద్రవ్యములు పుట్టును. తరువాత వెండిని తొలగింతురు; రంగులు మాత్రము మిగులును. ఈ రంగుద్రవ్యములు స్థిరమైనవి కావు. వేడి, తేమ వానిని విడగొట్టును. 1970 ప్రాంతపు ప్రతులలో నీలిపచ్చ ముందుగా వెలిసిపోవుటచేత బొమ్మ అంతయు ఎర్రబారిపోవును.

టెక్నికలర్ వారి పాతపద్ధతి వేరు. అచ్చుపలకలపై రంగు పూసి కాగితముపై అద్దినట్లు, మూడు రంగులను ఒక్కొక్కటిగా ఫిల్ముపైకి దిగునట్లు చేయుదురు. రంగు రసాయనచర్యలో పుట్టవలసిన అవసరము లేదు గనుక, స్థిరమైన రంగులనే ఎన్నుకొనవచ్చును. 1977లో బ్రిటనులో స్టార్ వార్స్ ప్రతులు కొన్ని ఈ పద్ధతిలో తయారైనవి. అట్టి ప్రతి ఒకటి వెలిసిపోక నిలిచి, 2025 జూన్‌లో లండనులో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉత్సవములో ప్రదర్శింపబడినది. 1977లో ప్రేక్షకులు చూచిన బొమ్మ, ఆ లోపములతోనే, తెరపై కనిపించినది.

అభిమానుల కృషిలో మెచ్చదగిన భాగమును ఇక్కడ చెప్పవలెను. వారిలో కొందరు 35 మిల్లీమీటర్ల పాత ప్రతులను సంపాదించి, ఒక్కొక్క బొమ్మను స్కాను చేసి, గీతలు, మురికి తొలగించి, మొదటి రూపమును పునరుద్ధరించుటకు ఏండ్లు వెచ్చించినారు. సెకండునకు 24 బొమ్మల చొప్పున రెండు గంటల చిత్రములో సుమారు 1 లక్ష 73 వేల బొమ్మలుండును. హక్కుదారుల అనుమతి లేని పని కనుక చట్టము దృష్టిలో చిక్కులు కలవు. అయినను వారి నియమము గమనింపదగినది: బాగుచేయుట కాదు, ఉన్నదానిని ఉన్నట్లు నిలుపుట. అతుకు కనిపించు చోట అతుకును కూడ అట్లే ఉంచినారు. పార్సెక్ సమర్థకుల భక్తి కంటె ఈ భక్తి మేలైనది. శిలాశాసనమును నకలు తీయువాడు చెక్కినవాని అక్షరదోషమును దిద్దడు.

అభిమానము హద్దు మీరినప్పుడు

మూడవ రకపు భక్తి ఒకటి కలదు. అది మనుష్యులను గాయపరచును. 2017లో వెలువడిన 'ది లాస్ట్ జెడై' చిత్రములో నటించిన కెల్లీ మేరీ ట్రాన్ అను యువతిని, ఆమె జాతిని, స్త్రీత్వమును నిందించుచు కొందరు ఎడతెగక వేధించినారు. 2018లో ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లోని తన రాతలన్నింటిని తొలగించినది. క్రొత్త చిత్రము తమ బాల్యమును పాడుచేసినదని అట్టివారి ఫిర్యాదు.

ఇది తర్కమునకు నిలువదు. క్రొత్త చిత్రము పాతదానిని మార్చజాలదు. 1977లో కలిగిన ఆనందము జరిగిపోయినది, దానిని ఎవరును వెనుకకు తీసికొనలేరు. నచ్చని చిత్రమును నచ్చలేదనుట విమర్శ. నటించిన మనిషిని హింసించుట విమర్శ కాదు. పదునాలుగేండ్లనాటి తీర్పును ప్రపంచమంతయు ఎల్లకాలము పాటించవలెననువాడు చిత్రమును ప్రేమించుట లేదు. తన పదునాలుగవ యేటిని ప్రేమించుచున్నాడు.

తరగతి గదిలో

ఉపాధ్యాయులు ఇట్టి చిత్రములను చూచి ముఖము చిట్లించుకొననక్కరలేదు. విద్యార్థికి ప్రియమైన కథలోని తప్పు, పాఠ్యపుస్తకములోని ఒప్పుకంటె బాగుగ మనస్సున నాటును. ఓడ గర్జన నుండి ధ్వనియానకమును, ఓడ ఒరుగుట నుండి విమానపు రెక్క పనిని, పార్సెక్ నుండి కోణమానమును బోధించవచ్చును. పై తరగతులవారికి ఒక లెక్క ఇవ్వవచ్చును. డెత్ స్టార్ ఒక గ్రహమును తునాతునకలు చేయును. భూమివంటి గ్రహమును దాని గురుత్వబంధము నుండి విడదీయుటకు ఎంత శక్తి కావలెను? భూమి ద్రవ్యరాశి, వ్యాసార్ధము తెలిసినచో లెక్క కట్టవచ్చును. సూర్యుడు సుమారు ఒక వారములో వెలువరించు మొత్తము శక్తి అంత వచ్చును. ఈ జవాబు కనుగొన్న విద్యార్థికి చిత్రముపై ఇష్టము తగ్గదు. సూర్యునిపై గౌరవము పెరుగును.

పురాణ చిత్రములలో బాణములు ఆకాశమున ఎదురెదురై కొట్టుకొన్నప్పుడు ఏ ప్రేక్షకుడును గతిశాస్త్రమును అడుగడు. కథకు కథాధర్మమున్నది. స్టార్ వార్స్‌కును ఆ మినహాయింపు ఇవ్వవచ్చును. అయితే మినహాయింపు వేరు, సమర్థన వేరు. ఇది కథ గనుక ఇట్లున్నది అనుటలో నిజాయితీ గలదు. ఇది నిజముగా ఇట్లే జరుగునని వాదించుటలో లేదు.

చిన్ననాట ప్రేమించిన కృతిని పెద్దయి పరీక్షించినచో దానిలో కొంత తరిగిపోవునను భయము చాలమందికి ఉన్నది. పరీక్షకు నిలిచినది, ఈ చిత్రములలో తక్కువేమి కాదు: తీగను కొట్టి తుపాకిని మ్రోగించిన ఊహ, కదలు కెమేరా నైపుణ్యము, రెండు సూర్యుల సాయంకాలము, డబ్బు కొరకు వెళ్లి స్నేహము కొరకు తిరిగివచ్చిన ఒక అబద్ధీకుడు. పరీక్షకు నిలువనిది ఏదో తెలిసికొన్నవానికి ఇవి మరింత స్పష్టముగా కనిపించును. విద్యార్థులు తమకు ఇష్టమైన చిత్రమును ఒకటి ఎన్నుకొని, అందలి ఒప్పులను ఒక ప్రక్క, తప్పులను ఒక ప్రక్క వ్రాసి చూచుట మంచి అభ్యాసము. రెండు వరుసలును నిండినప్పుడే ఆ చిత్రమును వారు నిజముగా చూచినట్లు.